అందమైన ఆడపిల్లకు కనబడని బరువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ళలో తల్లులు, పెళ్ళీడు పిల్లలు, ఉద్యోగాలకెళ్ళే ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒకచోట చేర్చాం. కొన్నిటికి జవాబు చర్మవైద్యుడి దగ్గర ఉంటుంది, కొన్నిటికి చట్టంలో, కొన్నిటికి ఇంట్లోనే. క్రీముల గురించి మిగతావాటికంటే ఎక్కువ రాశాం. ముఖాలు ఎక్కువగా పాడవుతున్నది అక్కడే.

అందం దేవుడిచ్చిన వరం అంటారు. మీరు బరువంటారేంటి?

"ఎర్రగా బుర్రగా ఉంది, దానికేం లోటు" అనే మాట మన దగ్గర తెల్లగా పుట్టిన ప్రతి పిల్లా వింటుంది. లాభం లేదని మేమూ అనం. అందంగా ఉన్నవాళ్ళకు గుణం కూడా మంచిదే అయ్యుంటుందని చూసేవాళ్ళు ముందే అనేసుకుంటారు. 1972లో కరెన్ డయాన్, ఎలెన్ బెర్షైడ్, ఎలెయిన్ వాల్‌స్టర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫొటోలు చూపించి మరీ దీన్ని పరీక్షించారు. ఏడేళ్ళకు, 1979లో, హైల్‌మన్, సరువతారి అనే ఇద్దరు పరిశోధకులు రెండోవైపు చూపించారు. అదే అందం ఆడమనిషికి గుమాస్తా ఉద్యోగంలో కలిసొచ్చింది, మేనేజరు ఉద్యోగానికి వచ్చేసరికి అడ్డుపడింది.

మా లెక్క ఇదీ: ముఖానికి బరువు లేదు. దాన్ని కాపలా కాయాలని ఇంట్లోవాళ్ళు, దక్కించుకోవాలని వీధిలోవాళ్ళు, తగ్గకుండా చూడాలని చుట్టాలు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. ఖర్చు మాత్రం ప్రతిసారీ ఆ పిల్ల ఖాతాలోనే రాస్తారు. ఆగేది ఆమె బడి, కాలేది ఆమె చర్మం, మూసేది ఆమె ఫోను.

మా గుంటకి పదిహేనేళ్ళు. కుర్రాళ్ళు బండ్లేసుకుని వీధిలో తిరుగుతున్నారు. బడి మాన్పించి మంచి సంబంధం చూసేస్తే నిశ్చింత కదా?

తిరిగేది వాళ్ళు, బడి మానేది ఈమె. ముందు ఆ లెక్క చూడండి.

పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే 2006 చట్టం ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పెళ్ళి జరిపించిన పురోహితుడు, దగ్గరుండి చేయించిన పెద్దలు అందరూ అందులోకి వస్తారు. గంజాం జిల్లాను 2022 జనవరిలో బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించారు. అప్పటినుంచి ముహూర్తం పెట్టగానే కబురు అందించేవాళ్ళు పెరిగారు. పిల్లల సహాయ నంబరు 1098కి ఎవరైనా ఫోను చెయ్యొచ్చు, ఆ పిల్ల కూడా చెయ్యొచ్చు. అప్పటికే పెళ్ళయిపోయి ఉంటే, ఇరవయ్యేళ్ళు నిండేలోగా ఆ పెళ్ళిని రద్దు చెయ్యమని ఆమె కోర్టును అడగొచ్చు.

మరి ఆ కుర్రాళ్ళ సంగతి? ఇది తండ్రి, మేనమామ చెయ్యాల్సిన పని, పిల్లది కాదు. బండి నంబర్లు రాసుకోండి. ఎవరింటి పిల్లలో తెలిస్తే ఇద్దరు పెద్దమనుషులతో వాళ్ళింటికెళ్ళి మాట్లాడండి. పిల్లను ముగ్గురు నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి వెళ్ళేలా సర్దండి, హెడ్‌మాస్టరుకు రాతపూర్వకంగా చెప్పండి. వారంలో ఆగకపోతే పోలీసు స్టేషన్లోని మహిళా శిశు డెస్కుకు వెళ్ళండి. మెట్రిక్ దగ్గరే ఆపేస్తే రేపు నర్సింగు చదవాలన్నా దారి మూసుకుపోతుంది, దానికి ప్లస్‌టూ కావాలి.

కట్నం వద్దు, పెళ్ళి ఖర్చు కూడా మాదే అంటూ దూరం నుంచి సంబంధం వచ్చింది. పిల్ల అందం చూసి ముచ్చటపడ్డారట.

ముచ్చటే కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఒడిశా పల్లెల నుంచి హర్యానా, ఉత్తరప్రదేశ్ వైపు పెళ్ళి పేరుతో ఆడపిల్లల్ని తరలించిన కేసులు ఉన్నాయి. అడిగిన వెంటనే ఒప్పుకోమని తొందర పెడుతున్నారా, మధ్యవర్తి మీకు రెండు నెలల ముందు వరకు ఎవరో తెలియదా, పెళ్ళి ఇక్కడ గుళ్ళో తేల్చేసి ఆ రాత్రే రైలెక్కిస్తామంటున్నారా? ఈ మూడూ కలిస్తే ఆగిపోండి.

అబ్బాయి ఊరికి మీ మనుషులు ఇద్దరు స్వయంగా వెళ్ళాలి. అతను చెప్పిన ఇంటికి కాదు, ముందు ఆ ఊరి కిరాణా కొట్టుకి, బడికి, పంచాయతీ కార్యాలయానికి వెళ్ళి అడగాలి. ఆధార్ కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపితే సరిపోదు. పెళ్ళయితే రిజిస్ట్రేషను ఇక్కడే చేయించండి. పిల్ల ఆధారు, మార్కుల కాగితాలు, బ్యాంకు పుస్తకం ఆమె చేతిలోనే ఉండాలి. మహిళా సహాయ నంబరు 181, అత్యవసర నంబరు 112 ఆమెకు నోటికి రావాలి, ఫోను లాక్కుంటే నోటిలో ఉన్నవే మిగులుతాయి.

పెళ్ళిచూపులకు ముందు ముఖం తేలాలని మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాశాం. పది రోజుల్లో మెరిసిపోయింది. మంచిదేనా?

పది రోజుల్లో మెరిసిందంటేనే అనుమానించాలి. చర్మం రంగు అంత త్వరగా మారదు.

ట్యూబు చేతిలోకి తీసుకుని వెనుక సన్నక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లుయోసినోలోన్ వీటిలో ఏది కనబడినా అది స్టెరాయిడ్. లేబులు ఎడమపక్క ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందు. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను ఈ జాబితాలో చేర్చింది. అయినా "మంగు మచ్చల క్రీము" అని అడిగితే చీటీ లేకుండానే చేతిలో పెడుతున్నారు. బాగా అమ్ముడయ్యే రకంలో మూడు మందులు కలిసి ఉంటాయి: రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పొరను ఒలిచే ట్రెటినాయిన్, స్టెరాయిడ్ అయిన మొమెటసోన్. మంగు ఉన్నవాళ్ళకు డాక్టరు దీన్ని లెక్కపెట్టి కొన్ని వారాలు రాస్తారు. ముఖం తెల్లబడడానికి రోజూ పౌడరులా రాసుకునేది కాదు.

మొదట ఎందుకు మెరుస్తుందంటే, స్టెరాయిడ్ చర్మం కింద రక్తనాళాలను కుంచింపజేస్తుంది. ఎరుపు పోతుంది, మొటిమలు అణిగిపోతాయి, ముఖం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. నెల, రెండు నెలలు దాటాక చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద దారాల్లా సన్నటి ఎర్ర నరాలు తేలతాయి. గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మండుతుంది. గడ్డం కింద, చెవుల పక్క నూగు పెరుగుతుంది, సన్నటి మొటిమలు గుంపుగా లేస్తాయి. భయపడి మానేస్తారు. కొద్ది రోజుల్లోనే ముఖం ఎర్రగా వాచి, దురద పెట్టి, మొదటికంటే నల్లబడుతుంది. మళ్ళీ రాస్తే తగ్గుతుంది. అలా ఏళ్ళ తరబడి ఆ ట్యూబుకు కట్టుబడిపోతారు. దీనికి మన దేశపు చర్మవైద్యులు పెట్టిన పేరుంది, స్టెరాయిడ్ తగిలి పాడైన ముఖం అని.

మరి ఎలా మానాలి?

రెండు మూడు వారాలే వాడి ఉంటే ఆపేసి డాక్టరుకు చూపించండి. నెలల తరబడి రాసినవాళ్ళు ఒక్కసారిగా ఆపకండి, ఎలా తగ్గించాలో చర్మవైద్యుడే చెప్పాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చర్మవిభాగం ఉంది. వెళ్ళేటప్పుడు ఖాళీ ట్యూబులతో సహా అన్నీ సంచిలో వేసుకెళ్ళండి. "ఏదో క్రీము" అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు.

ఆ నెలల్లో ముఖానికి సువాసన లేని మృదువైన సబ్బు, మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను చాలు. మంట పుడితే చల్లటి నీళ్ళలో తడిపి పిండిన నూలుగుడ్డ అయిదు నిమిషాలు వేసుకోండి. ఐస్ నేరుగా పెట్టొద్దు. నిమ్మరసం అసలొద్దు. నిమ్మరసం ఉన్న చర్మం మీద ఎండ పడితే కాలినట్టు నల్ల మరకలు వస్తాయి, నెలల తరబడి పోవు. టూత్‌పేస్టు, వంటసోడా కూడా అంతే. వారానికోసారి ఒకే కిటికీ వెలుగులో ఫొటో తీసి పెట్టుకోండి. అద్దంలో తేడా తెలియదు, ఫొటోల్లో తెలుస్తుంది.

కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా చుట్టాలింట్లో "ఏటే, ముఖమంతా ఇలా అయిపోయింది" అంటారు. ఆ మాటకు జడిసే మళ్ళీ ట్యూబు పట్టుకునేవాళ్ళు ఎక్కువ. వైద్యం సగం అయితే, తల్లి ఆ నోళ్ళకు అడ్డం నిలబడడం ఇంకో సగం.

పేరూ ఊరూ లేని డబ్బా క్రీములు? ఆన్‌లైన్లో, పార్లర్లలో అమ్ముతున్నారు.

వాటిలో ఎక్కువ భయం పాదరసంతో. పాదరసం చర్మంలో రంగు తయారుకాకుండా ఆపుతుంది, నిజంగానే తెల్లబడతారు. కానీ అది చర్మం గుండా ఒంట్లోకెళ్ళి కిడ్నీల్లో చేరుతుంది. కేరళ మలప్పురం జిల్లాలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22ను అక్కడి వైద్యులు పరిశీలించారు. వాటిలో 15 మందిది ఒక అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడుతున్నవాళ్ళే.

డబ్బా మీద తయారుచేసినవాళ్ళ చిరునామా, బ్యాచి నంబరు, విదేశానిదైతే దిగుమతి రిజిస్ట్రేషను నంబరు లేకపోతే కొనకండి. కాలొమెల్, మెర్క్యురస్, మెర్క్యురిక్ అన్న మాటలుంటే అది పాదరసమే. ఇంకో గుర్తు: "వెండి, బంగారం, అల్యూమినియం నగలకు తగలనివ్వొద్దు" అని హెచ్చరిక రాసి ఉంటే దాదాపు ఖాయం. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది, ఉంగరం మీద తెల్లటి పొర కడుతుంది. రోజూ క్రీము రాసుకునే చేతి ఉంగరం వెలసిపోతోందంటే కంసాలి దగ్గరకి వెళ్ళేముందు డాక్టరు దగ్గరకి వెళ్ళండి.

మూత్రం నురగలు కడుతుంటే, పొద్దున్నే కళ్ళ కింద, పాదాలకు వాపు ఉంటే, నిద్ర పట్టకపోతే, చేతులు వణికితే క్రీము ఆపేసి మూత్రంలో ప్రొటీను పరీక్ష, బీపీ చూపించుకోండి. ఆ చేతులతోనే పాలిచ్చి, అదే తువ్వాలుతో బిడ్డను తుడుస్తారు కాబట్టి ఇంట్లో పసిపిల్లలనూ చూపించాలి. డబ్బాను మూత బిగించి ప్లాస్టిక్ కవరులో కట్టి డాక్టరుకు చూపించేవరకు ఉంచండి.

సన్‌స్క్రీను ఎంత రాయాలి? రాసినా నల్లబడుతున్నాం.

బొట్టంత రాస్తున్నారు, అందుకే. చూపుడు వేలు, మధ్య వేలు రెండిటి మీదా మొదటి నుంచి చివరి దాకా గీతలా పిండితే వచ్చేంత, ముఖానికీ మెడకూ కలిపి. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 30 అని ఉంటే చాలు. బయటికి వెళ్ళే పావుగంట ముందు రాయాలి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ. మంగు ఉన్నవాళ్ళు రంగున్న సన్‌స్క్రీను వాడితే మేలు. అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా ఆపుతుంది. గొడుగుకు మించినది లేదు, గోపాల్‌పూర్ ఇసుకలో అయితే గొడుగూ చాలదు, కింద నుంచి కూడా ఎండ తిరిగి కొడుతుంది.

పార్లరులో ఏం చూసుకోవాలి?

కనుబొమల దారం నోట్లో పట్టుకునే మనిషి దగ్గర కూర్చోవద్దు. మెడకు కట్టుకుని చేసేవాళ్ళున్నారు. జుట్టు రంగు వేయించుకునే రెండు రోజుల ముందు చెవి వెనుక చుక్క పెట్టి చూడండి. గంటలో నల్లగా పండే గోరింటాకు గోరింటాకు కాదు, అందులో జుట్టు రంగుకు వాడే పీపీడీ ఉంటుంది. పెళ్ళిచేతికి పొక్కులు లేస్తాయి. జుట్టు సాఫీ చేసే మందు వేడి తగిలి కళ్ళు మండితే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు వస్తోందని అర్థం, కిటికీ తెరిపించి లేచిపోండి. దాని బదులు గ్లైఆక్సిలిక్ యాసిడ్ వాడిన మందుతో కిడ్నీ దెబ్బతిన్న కేసు కూడా 2024లో వైద్యపత్రికలో వచ్చింది.

బొట్టుబిళ్ళ దగ్గర తెల్లమచ్చ వచ్చింది. చెవి రంధ్రం సాగి తెగిపోయేలా ఉంది.

బిళ్ళ వెనుక జిగురులో ఉండే ఒక రసాయనం కొందరిలో రంగు కణాలను చంపేస్తుంది. బిళ్ళ మానేయండి, చూపించుకోండి, అన్నీ బొల్లి కావు. చెవులకు: బరువైన బుట్టలకు మాటీలు పెట్టి బరువు జుట్టుకు ఎత్తించడం మన అమ్మమ్మల తెలివి, ఇప్పుడు వాటిని ఫొటోకే పెట్టుకుంటున్నారు. తెగిన తమ్మెను మత్తు సూది వేసి చిన్న కుట్లతో కలుపుతారు. మళ్ళీ కుట్టించుకోవడానికి రెండు మూడు నెలలాగాలి, పాత గీత పక్కన కుట్టించాలి.

నడుం సన్నగా కనబడాలని లంగా బొందు బిగించేవాళ్ళు అక్కడ నల్లబడి మానని పుండుంటే నిర్లక్ష్యం చెయ్యొద్దు. ఏళ్ళ తరబడి ఒరుసుకున్న అలాంటి పుండు క్యాన్సరుగా మారిన ఇద్దరు పెద్దవయసు స్త్రీల కేసులను వార్ధా, బీహారు వైద్యులు 2024లో ప్రచురించారు. బొందు వెడల్పుగా, వదులుగా ఉంటే చాలు.

ఒకడు రోజూ బస్టాండు నుంచి వెంట వస్తున్నాడు, నంబర్లు మార్చి మెసేజిలు పెడుతున్నాడు. పట్టించుకోకుండా ఉంటే పోతాడా?

కొందరు పోతారు. పోనివాడికి మౌనం అంగీకారంలా కనిపిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ఆడమనిషి తనకు ఇష్టం లేదని స్పష్టం చేసినా మళ్ళీ మళ్ళీ వెంటపడడాన్ని నేరమంటుంది. మొదటిసారి మూడేళ్ళ వరకు, రెండోసారి అయిదేళ్ళ వరకు శిక్ష. కాబట్టి ఆ "స్పష్టం చేయడం" కాగితం మీద కనబడాలి. ఒక్కసారి, ఒక్క మెసేజి చాలు: "నాకు ఇష్టం లేదు. ఇకమీదట ఫోను, మెసేజి చెయ్యొద్దు, వెంట రావొద్దు." దయచేసి, అన్నయ్యా, సారీ లాంటి మాటలు వద్దు. తిట్లు కూడా వద్దు, వాటిని వాడు తిప్పి చూపిస్తాడు. ఆ తర్వాత ఒక్కదానికీ జవాబివ్వొద్దు.

చాలామంది చేసే పొరపాటు, భయపడి చాటంతా చెరిపేసి బ్లాకు చేయడం. ముందు నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి అక్కకో తల్లికో పంపి, ఆ తర్వాత బ్లాకు చెయ్యండి. ఫోను అమ్మొద్దు, రీసెట్ చెయ్యొద్దు. ఒక నోటుబుక్కులో తేదీ, టైము, చోటు, బండి నంబరు, చూసినవాళ్ళ పేరు రాయండి. నెల రోజుల పుస్తకం స్టేషన్లో నెల రోజుల ఏడుపుకంటే ఎక్కువ పనిచేస్తుంది. ఇంకో సంగతి, మొదటిసారి కేసులో వాడికి బెయిలు వచ్చేస్తుంది. వాడు మర్నాడు టీకొట్టు దగ్గర కనబడ్డాడని కేసు పోయినట్టు కాదు. మళ్ళీ దగ్గరకొస్తే అదే పుస్తకంలో రాసి అదే అధికారికి చెప్పండి.

ఇల్లు బరంపురం, ఇది జరిగింది ఆంధ్రా వైపు ఇచ్ఛాపురంలో. ఎక్కడ ఫిర్యాదు ఇవ్వాలి? ఒడియా సరిగ్గా రాదు.

ఎక్కడైనా. నేరం ఏ పరిధిలో జరిగినా స్టేషనులో తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షను చెబుతోంది. జీరో ఎఫ్‌ఐఆర్ రాసి వాళ్ళే అవతలి స్టేషనుకు పంపిస్తారు. "ఆంధ్రా వెళ్ళమ్మా" అంటే ఈ సెక్షను గుర్తుచెయ్యండి. నోటితో చెప్పినా రాసుకుని చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి నేరాల్లో మహిళా పోలీసు అధికారి రాసుకోవాలి. మెయిలులోనూ ఇవ్వొచ్చు, మూడు రోజుల్లోగా వెళ్ళి సంతకం చెయ్యాలి.

ఒడియా వచ్చిన బంధువును తీసుకెళ్ళండి, కానీ ముందు మీ మాటలను తెలుగులో ఒక పేజీ రాసుకుని అది కూడా జతచెయ్యండి. బంధువు సిగ్గుపడి కొన్ని మాటలు మింగేస్తాడు. వాడు ఏమన్నాడో అన్నమాటే ఎక్కాలి. స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. బరంపురం పోలీసు జిల్లాకు ఎస్పీ వేరు, గంజాం ఎస్పీ ఛత్రపురంలో ఉంటారు. తప్పు చిరునామాకు పంపితే రోజులు పోతాయి.

ఇన్‌స్టాలోని ఫొటో తీసి అసహ్యంగా మార్చి తిప్పుతున్నారు.

లింకులు, అకౌంటు పేరు, తేదీ రాసుకుని స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ యాప్‌లోనే ఫిర్యాదు చెయ్యండి. ఇలాంటి ఫొటోలు తీసేయడానికి 2021 ఐటీ నియమాలు కంపెనీలకు మొదట 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో స్త్రీలు, పిల్లల విభాగం ఉంది, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కీ ఫోను చెయ్యొచ్చు. పద్దెనిమిది దాటినవాళ్ళు స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత వెబ్‌సైటు వాడితే ఫొటో మీ ఫోను దాటి పోదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది మాత్రం వెళ్ళి, అందులో చేరిన యాప్‌లలో ఎక్కకుండా ఆపుతుంది. డబ్బడిగితే ఇవ్వొద్దు, ఒకసారి ఇచ్చినవాళ్ళను మళ్ళీ అడుగుతారు.

అన్నదమ్ములకు ఒక మాట: చెల్లి ఫోను లాక్కోవడం వల్ల ఫొటో తగ్గదు, సాక్ష్యం పోతుంది.

"నాకు దక్కకపోతే ఎవరికీ దక్కనివ్వను, యాసిడ్ పోస్తా" అన్నాడు. ఊరికే అన్నాడంటున్నారు.

ఊరికే అనే మాట కాదది. ఆ రోజే స్టేషనుకు వెళ్ళండి. పోస్తే శిక్ష న్యాయ సంహిత 124వ సెక్షను కింద పదేళ్ళకు తగ్గదు, యావజ్జీవం వరకు.

జరగకూడనిది జరిగితే: వెంటనే మంచినీళ్ళు ధారగా పొయ్యడం మొదలుపెట్టాలి, కనీసం అరగంట ఆపకూడదు. బోరింగు నీళ్ళైనా సరే, మురికినీళ్ళు వద్దు. నీళ్ళు పోస్తూనే బట్టలు, నగలు తీసెయ్యాలి, తల మీదుగా లాగకుండా కత్తిరించాలి. ఒకవైపు కంట్లో పడితే ఆ కన్ను కిందకి ఉండేలా తల వంచి కడగాలి, లేకపోతే రెండో కంట్లోకి పారుతుంది. రుద్దొద్దు, పసుపు, పెరుగు, ఆయింట్‌మెంటు ఏదీ పెట్టొద్దు. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చెయ్యాలి, పోలీసు కాగితం తెమ్మని పంపెయ్యకూడదు. 2013లో సుప్రీంకోర్టు కనీస పరిహారం మూడు లక్షలని చెప్పింది, అందులో లక్ష 15 రోజుల్లో అందాలి.

ఆఫీసులో ప్రమోషన్ వస్తే "ముఖం చూసి ఇచ్చారు" అంటున్నారు. పై అధికారి మాటలూ బాగోలేవు.

ఇవి రెండు వేర్వేరు. మొదటిదానికి చట్టం పెద్దగా పనికిరాదు, కాగితం పనికొస్తుంది. మీరు చేసిన పని అంకెల్లో నెలనెలా మెయిలు పెట్టండి. పొగడ్త వచ్చినప్పుడు "చీర బాగుంది" దగ్గర ఆగిపోకుండా పని మాట మీరే తీయండి.

రెండోది లైంగిక వేధింపు. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న కొట్టయినా, యజమానే వేధిస్తున్నా జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. బట్టల షాపులో పనిచేసే పిల్లకూ, ఇంటిపని మనిషికీ ఇది వర్తిస్తుంది. ఆఖరి సంఘటన నుంచి మూడు నెలల్లోగా రాతపూర్వకంగా, సాక్షుల పేర్లతో ఆరు ప్రతులు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆలోగా బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ అడగొచ్చు.

మా ఆయనకు అనుమానం. బాగా తయారైతే ఎవరి కోసమని అడుగుతాడు, ఉద్యోగం మానమంటున్నాడు. కొట్టడు మాత్రం.

"కొట్టడు మాత్రం" దగ్గరే చాలామంది ఆగిపోతారు. 2005 గృహహింస చట్టం కొట్టడం దగ్గర ఆగలేదు. శీలాన్ని అనుమానించి అవమానించడం, ఉద్యోగం మాన్పించడం, జీతం లాక్కోవడం అందులో ఉన్నాయి. జిల్లా రక్షణాధికారి దగ్గరో, హింసకు గురైన స్త్రీలకు ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలోనో ఫిర్యాదు నమోదు చేయించొచ్చు, వకీలు అక్కర్లేదు. మొదటి విచారణ మూడు రోజుల్లో అని చట్టంలో ఉంది, నిజంలో ఎక్కువే పడుతుంది, అది తెలిసే వెళ్ళండి.

కేసు వద్దనుకునేవాళ్ళకు మేం చెప్పేది ఒక్కటే. అతని అనుమానం తీర్చడానికి బొట్టు, చీర, నవ్వు ఒక్కోటి తగ్గించుకుంటూ పోవద్దు. ఎంత తగ్గించినా అది తీరదు, తర్వాత ఏం తగ్గించాలో అతనే చెబుతాడు. ఉద్యోగం, బ్యాంకు ఖాతా, పుట్టింటి ఫోను ఈ మూడూ వదులుకోకండి.

అన్నీ ఉన్నాయి, అయినా ఎవరూ దగ్గరగా లేరనిపిస్తుంది. చెబితే "నీకేం బాధే" అని నవ్వుతారు.

ఆ నవ్వే కష్టం. స్నేహితురాళ్ళు ఫొటోలో పక్కన నిలబడడానికి వెనకాడతారు, మగవాళ్ళ స్నేహం ఎటు తిరుగుతుందోనని మీరే వెనకాడతారు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడితే, చచ్చిపోవాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోను చెయ్యండి, ఉచితం, భాష ఎంచుకునే వీలుంటుంది. డాక్టరు ముందు కూడా తయారై వెళ్ళిన మనిషిని "బాగానే ఉన్నారుగా" అనేస్తారు. నిద్రపట్టని రాత్రులెన్నో లెక్క రాసుకుని కాగితం ముందు పెట్టండి.

కాన్పు తర్వాత జుట్టు దోసిళ్ళతో ఊడుతోంది, బుగ్గల మీద మంగు. నా ముఖం నేనే చూసుకోలేకపోతున్నా.

కాన్పయిన రెండు నాలుగు నెలలకు జుట్టు ఊడడం మామూలే, ఏడాదిలోపు చాలామందికి తిరిగి వస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, నూనెలు మార్చుకుంటూ డబ్బు పోగొట్టుకోకండి. మంగు గర్భంలోనూ, కుటుంబ నియంత్రణ మాత్రలతోనూ వస్తుంది, ఎండతో ముదురుతుంది. పాలిస్తున్నన్నాళ్ళు సన్‌స్క్రీను, గొడుగు తప్ప మచ్చల మందులు డాక్టరు చెప్పకుండా వద్దు.

చిన్నప్పటినుంచి "అందగత్తె" అన్న ఒక్క పేరుతోనే పిలిపించుకున్నవాళ్ళకు ఇది ఎక్కువ కోత. ఇంకో పేరు ఎవరూ పెట్టలేదు కదా.

ఇద్దరాడపిల్లలు. పెద్దది ఎరుపు, చిన్నది చామనఛాయ. చుట్టాలు వస్తే పోలుస్తారు. ఎవరికి ఏం చెప్పాలి?

పిల్లలకు చెప్పేకంటే ముందు చుట్టాలకు చెప్పాలి, పిల్లలు వినేలా, అప్పటికప్పుడే. "పిన్నీ, మా ఇంట్లో రంగు మాటలొద్దు" అంటే చాలు, నవ్వుతూనే అనొచ్చు. రాత్రికి పడుకోబెట్టేటప్పుడు చెబితే ఆలస్యమే, ఆ పూటంతా చిన్నది ఆ మాటను మోస్తూ తిరిగింది.

చిన్నదానికి ఒకటే దెబ్బ, కనబడుతుంది. పెద్దదానిది కనబడదు. పేరంటానికి పళ్ళెం పట్టుకోమని, ఫొటోలో ముందు నిలబడమని దాన్నే పిలుస్తారు, లెక్కల్లో మార్కులు తగ్గితే "దానికెందుకులే" అంటారు. ఈసారి పేరంటంలో పళ్ళెం చిన్నదాని చేతికివ్వండి. పెద్దదాన్ని లెక్కల పుస్తకం తెమ్మనండి.